గానుగ నూనెకు ఏ పంపు? కొటేషన్ ఒప్పుకునే ముందు చదవండి

పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో నూనె గానుగకు దరఖాస్తు పెట్టుకున్నారా? యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు సబ్సిడీ ఉంటుంది. కనీసం 10 శాతం మీ వాటా, మిగతాది బ్యాంకు రుణం. పనికిరాని మిషన్ కొంటే అది మూలన పడ్డా కిస్తీ కట్టాల్సింది మీరే. గానుగ గురించి, ఫిల్టరు గురించి అందరూ అడుగుతారు. నూనెను తొట్టి నుంచి ఫిల్టరుకు, ట్యాంకుకు ఎక్కించే చిన్న పంపు గురించి మాత్రం ఎవరూ అడగరు.

నూనె నీళ్లమీద తేలుతుంది, తేలికే కదా, ఇంట్లో వాడే నీళ్ల మోటారు సరిపోదా అంటారు కొందరు. సరిపోదు. బరువు వేరు, చిక్కదనం వేరు. 20 డిగ్రీల దగ్గర వేరుశనగ నూనె నీటికంటే 70–80 రెట్లు చిక్కగా ఉంటుంది. ఆముదమైతే సుమారు వెయ్యి రెట్లు! నూనె వేడెక్కితే పలచబడుతుంది. 40 డిగ్రీలకు వేరుశనగ నూనె చిక్కదనం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే మధ్యాహ్నం బాగా పోసిన పంపు చలికాలం పొద్దున్నే మొరాయిస్తుంది.

నీళ్ల మోటారులో ఒక చక్రం వేగంగా తిరిగి నీటిని బయటకు విసురుతుంది. చిక్కటి నూనెలో ఆ విసురు సాగదు. ఎత్తు తగ్గుతుంది, ధార తగ్గుతుంది, మోటారు మీద భారం పెరిగి వేడెక్కుతుంది. పంపు మీద రాసిన లీటర్ల లెక్క నీళ్లకు కట్టింది, నూనెకు కాదు.

గేర్ పంపు పద్ధతి వేరు. రెండు పళ్ల చక్రాలు నూనెను పళ్ల సందుల్లో పట్టి ముందుకు నెడతాయి. చిక్కదనం ఉంటే సందుల్లోంచి వెనక్కి జారేది తగ్గుతుంది కూడా. కాకపోతే నెమ్మదిగా తిరగాలి, మోటారుకు బలం కావాలి. నడుస్తుండగా బయటి వాల్వు ఎప్పుడూ మూయకండి. నూనెకు దారి లేక ఒత్తిడి పెరిగి పైపు పగలవచ్చు, పంపు దెబ్బతినవచ్చు. రిలీఫ్ వాల్వు ఉన్నదే అడగండి. మడ్డి వెళితే పళ్లు అరిగిపోతాయి. నూనెను తేరనిచ్చి, ముందు జల్లెడ పెట్టండి.

పైపు దగ్గర పొదుపు వద్దు. ఇలా నెమ్మదిగా పారే నూనెకు పైపు వెడల్పు రెట్టింపైతే అడ్డు 16 వంతుల్లో ఒక వంతుకు తగ్గుతుంది. లోపలికి లాగే పైపు పొట్టిగా, లావుగా ఉండాలి. పంపు తొట్టికంటే కిందుంటే మరీ మంచిది.

కొటేషన్‌లో "పంపు – 1" అని మాత్రమే ఉంటే వెనక్కి పంపండి. ఏ నూనెకు, గంటకు ఎన్ని లీటర్లు, ఎంత ఎత్తుకు, నూనె తగిలే భాగాలు ఆహారానికి పనికొచ్చే స్టీలేనా, ఇవన్నీ రాయించుకోండి. రాయడం రాకపోతే మీ జిల్లా రిసోర్స్ పర్సన్ సాయం చేస్తారు.