ఎనిమిది గంటలకొక మాత్ర

చలికాలము రాగానే తాతగారి దగ్గు హెచ్చుట, మందుల అంగడికి చీటీతో మనుమని పంపుట మన యిండ్లలో మామూలే. చీటీ ఆంగ్లమున నుండును. అంగడివాడు చెప్పునది ఈ ప్రాంతపు భాషలో. తాతగారికి తెలిసినది తెలుగు. మందు పేరు సరిగానే యిల్లు చేరును గాని ఎంత, ఎన్ని గంటలకు, ఎన్ని దినములు అనునవి దారిలో జారిపోవుచుండును. మా మేనమామగారొక చలికాలమున రోజుకు మూడు మాత్రలు పుచ్చుకొనవలసియుండగా, మధ్యాహ్నపుది మరచి రాత్రి రెండు కలిపి మ్రింగుచుండిరి. లెక్క సరిపోయినదని వారి నమ్మకము. జబ్బు మాత్రము తగ్గలేదు.

రెండేండ్లు వరుసగా, ఏటికి మూడు నెలలకు తక్కువ గాకుండ కఫముతోడి దగ్గు నిలిచి, వేరు కారణము కానరానిచో దానిని దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అందురు. బీడీ, చుట్ట, సిగరెట్టు పొగ దీనికి ముఖ్యకారణము. ఏండ్ల తరబడి కట్టెపొయ్యి నూదిన తల్లులకును ఇది వచ్చును. శ్వాసనాళములలో మితిమీరి ఊరిన కఫమందు హీమోఫిలస్, న్యుమోకాకస్, మొరాక్సెల్లా అను సూక్ష్మజీవులు పెచ్చుపెరిగినపుడు జబ్బు విజృంభించును.

అయితే ప్రతి విజృంభణమును వాని పనియే కాదు. వైరసులును, కలుషిత వాయువును కారణములే. 1987లో కెనడాలోని విన్నిపెగ్ వైద్యులు ఆంథొనిసెన్ ప్రభృతులు ఇట్టి శ్వాసరోగులు 173 మందిని పరిశీలించి ఫలితములు ప్రకటించిరి. ఆంటీబయాటిక్ ఇచ్చినపుడు నూటికి 68 విజృంభణములును, మందులేని ఉత్త మాత్ర ఇచ్చినపుడు నూటికి 55 విజృంభణములును నయమయ్యెను. ఆయాసము హెచ్చుట, కఫము ఎక్కువగుట, అది చీమువలె పచ్చబడుట, ఈ మూడును కలిసినవారికే మందు మిక్కిలి ఉపకరించెను. కనుక కఫము రంగు వైద్యునికి చెప్పుటకు పెద్దలు సంకోచింపరాదు.

ఇక మోతాదు. ఎమాక్సిసిలిన్ పెద్దలకు సాధారణముగా 500 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకొకసారి ఇత్తురు. మూత్రపిండములు దానిని వడిగా వెడలగొట్టుటచే, రక్తములో దాని పాలు ఇంచుమించు గంటకొక తడవ సగమగుచుండును. రక్తమునుండి కఫములోనికి చేరునది మరియు స్వల్పము. ఈ జాతి మందు ఎంత ఎత్తుకు పోయినదను దానికన్న, చాలినంత మట్టమునకు పైన ఎన్ని గంటలు నిలిచినదనుటయే ముఖ్యము. రెండు మాత్రలొక్కసారి మ్రింగిన మట్టము రెట్టింపగును. ఒక గంట గడచునప్పటికి ఆ రెట్టింపు కరగి ఒక మాత్ర మట్టమునకు దిగును. మా మేనమామగారు రాత్రి రెండవ మాత్రతో గడించినది సుమారొక గంట; మధ్యాహ్నము పోగొట్టుకొనినది కొన్ని గంటలు. చీటీ చదివిన బాలునిచేతనే మందుపెట్టెమీద ‘ఉదయము 6, మధ్యాహ్నము 2, రాత్రి 10’ అని తెలుగున వ్రాయింపవచ్చును.

పొరుగింటివారు రోజుకొక్కటే మాత్ర వేసికొని కోలుకొనిరని అనుకరింపరాదు. వారిది అజిత్రోమైసిన్ కావచ్చును; అది దేహధాతువులలో దినముల తరబడి నిలుచును. లెవోఫ్లాక్సాసిన్ దారి వేరు: దానికి ఎత్తైన మట్టము కావలెను గనుక మాత్రను విరిచి రెండుపూటలకు పంచుట నష్టము. మూత్రపిండముల జబ్బు గలవారికి ఈ కొలతలను వైద్యుడే మార్చును.

డాక్సీసైక్లిన్‌ను పాలతోను, ఇనుము మాత్రలతోను పుచ్చుకొనిన ఒంటికి పట్టుట తగ్గును. ఈ కుటుంబములో మొదటిదగు ఆరియోమైసిన్ 1948లో వెలువడినపుడు, అమెరికాలోని ఆ లెడర్లీ పరిశోధనశాలకు నాయకులు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే యని మన పిల్లలకు చెప్పదగును.

ఎన్ని దినములు? పూర్వము పదిదినములు వాడుక. 2008లో వెలువడిన ఒక సమీక్షలో, 21 పరిశీలనలందలి పదివేలమందికి పైబడిన రోగుల ఫలితములను కూర్చి చూడగా, తీవ్రము గాని విజృంభణములలో ఐదు దినముల లోపు చికిత్సయు దీర్ఘచికిత్సకు తీసిపోదని తేలెను. గడువే ఇంత కురుచనైనపుడు, మూడవనాడు కొంచెము తేరుకొని మిగిలిన మాత్రలు మరుసటి చలికాలమునకు దాచుట ఏమి పొదుపో తెలియదు.

రెండు మూడు దినములకును తేరుకొనక ఆయాసము పెరిగినను, పెదవులు నీలిరంగునకు తిరిగినను తిరిగి వైద్యుని చూడవలెను. రెండు వారములు దాటిన దగ్గునకు కఫ పరీక్ష చేయింపక లెవోఫ్లాక్సాసిన్ కొని మ్రింగుట మరీ ప్రమాదము. అది క్షయ క్రిములను కూడ కొంత అణచును. జబ్బు తగ్గినట్లే తోచి, క్షయ బయటపడుట ఆలస్యమగును. ఆ నడుమ దినములలో అదే గదిలో పరుండు పిల్లలకు అది సోకవచ్చును.