కార్యాలయములందు వైర్‌లెస్ యాక్సెస్ పాయింట్ల నమర్చు విధము



గత వర్షకాలమున ఒకనాడు మూడు తరగతులను మన పెద్ద హాలులో కూర్చుండబెట్టవలసి వచ్చినది మీకు జ్ఞాపకముండును. ఒక ఉపాధ్యాయుడు గొంతు పెంచగా రెండవవారును పెంచిరి. వారిని జూచి మూడవవారును పెంచిరి. తుదకు ఏ తరగతికిని పాఠము వినబడలేదు. ఈ సంగతిని మనస్సున నుంచుకొనినచో నేటి పాఠము సులభముగా బోధపడును.

మన పూర్వవిద్యార్థి యొకడు టోకు వ్యాపారము చేయుచున్నాడు. అతని రెండంతస్తుల దుకాణమున మూడు యాక్సెస్ పాయింట్లు కలవు. యాక్సెస్ పాయింటనగా, కేబులుద్వారా వచ్చు సమాచారమును రేడియో తరంగములుగా ఫోనులకును కంప్యూటర్లకును అందించి, వాని ప్రత్యుత్తరములను మరల కేబులునకు చేర్చు పరికరము. ఇట్టివి మూడున్నను బిల్లులు వ్రాయుచోట పని మాటిమాటికి నిలిచిపోవుచుండెను, బేరములు తిరిగిపోవుచుండెను. అతడు నన్నడుగగా నేను తొందరపడి, "వాని శక్తిని పూర్తిగా పెంచుము" అంటిని. మరునాటికి పని మరింత చెడెను. అపుడు నాకు మన హాలు జ్ఞప్తికి వచ్చెను.

వైర్‌లెస్ పరికరము పలుకుటకు ముందు ఆలకించును. అదే ఛానలులో వేరొకటి పలుకుచున్నచో తాను ఆగును. ఆ దుకాణమున మూడింటికిని 6వ ఛానలే పెట్టబడియుండెను. శక్తి పెరిగినకొలది ఒకదాని పలుకు తక్కినవానికి మరింత స్పష్టముగా వినబడి, అవి మరింతసేపు మౌనము వహింపవలసివచ్చెను. మరియు, యాక్సెస్ పాయింటు ఎంత బిగ్గరగా పలికినను, బ్యాటరీపై నడచు ఫోను గొంతు చిన్నది. ఫోను చెప్పునది దానికి వినబడనిచో సంభాషణ సాగదు. కావున ఈ క్రింది క్రమమును పాటింపవలెను.

1. ఛానలు: 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణిలో ఛానళ్ల నడుమ ఎడము 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. కాని ఒక్కొక్క సంభాషణకు సుమారు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు కావలెను. అందుచే ఒకదానిపై నొకటి పడకుండ 1, 6, 11 ఛానళ్లను పంచియిచ్చి, శక్తిని తగ్గింపవలెను. 5 గిగాహెర్ట్జ్ శ్రేణిలో ఛానళ్లు ఎక్కువ. అయినను ఆ తరంగములు గోడలను దాటుటలో బలహీనములు. కదలని బిల్లుల కంప్యూటరునకు కేబులే శ్రేష్ఠము.

2. పేరు: మూడింటికిని ఒకే పేరు, ఒకే సంకేతపదము, ఒకే భద్రతావిధానము ఉండవలెను. ఛానలు మాత్రమే వేరు. అపుడు ఫోనుతో మేడ యెక్కువాడు ఒకదానినుండి మరియొకదానికి సులభముగా మారును.

3. చిరునామా: పరికరములకు చిరునామాల నిచ్చు పని రౌటరు చేయుచున్నచో, యాక్సెస్ పాయింట్లలో ఆ పనిని, అనగా డి.హెచ్.సి.పి.ని, ఆపివేయవలెను. ఒక ఊరికి ఇద్దరు కరణములున్న లెక్కలు తప్పును. ఒక్కొక్క యాక్సెస్ పాయింటునకు మారని చిరునామా నిచ్చి పుస్తకమున వ్రాసికొనవలెను.

4. భద్రత: తయారీదారుడు పెట్టిన నిర్వాహక సంకేతపదమును మొదటిదినముననే మార్చవలెను. వెప్ అను పాతవిధానము 2001లోనే ఛేదింపబడినది. దానిని విడిచి డబ్ల్యు.పి.ఎ.2 గాని, 2018లో ప్రకటింపబడిన డబ్ల్యు.పి.ఎ.3 గాని గ్రహింపవలెను. వచ్చిపోవువారికి వేరు పేరు నిచ్చిన మాత్రమున చాలదు. వారి దారిని వీల్యానుచే స్విచ్చినందును రౌటరునందును వేరుచేసి, లెక్కల కంప్యూటరు దరికి పోకుండ అడ్డగింపవలెను.

ఇవన్నియు ముగించి, జనసమ్మర్దముగల వేళ ఫోను చేతబట్టి మూలమూలకు నడచి పరీక్షించితిమి. క్రొత్తగా ఒక్క పరికరమైనను కొనలేదు. బిల్లులు మాత్రము ఆగక సాగెను. అడుగకముందే సలహా యిచ్చుట యెంత తప్పో, అడిగినపుడు పరీక్షింపక చెప్పుటయు నంత తప్పేయని నేను నేర్చుకొంటిని.

అభ్యాసము: ఆ దుకాణమున వరుసగా నాలుగవ యాక్సెస్ పాయింటును పెట్టవలసివచ్చినచో, 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణిలో దానికి ఏ ఛానలు నియ్యవలెను? ఏల? దుకాణపు పటమును గీచి, కారణముతో ఉత్తరము వ్రాయుడు. అతిదూరముననున్న దానిని మొదట చూడుడు.