రూమ్‌లో వంట - చదువుకు అండ



హాస్టల్లో ఉన్నన్నాళ్లు గంట కొట్టగానే పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడ్డాం. చారు నీళ్లలా ఉందని నవ్వుకున్నాం. ఆ పళ్లెం విలువ మాకు తెలిసింది షాద్‌నగర్ వదిలి, పై చదువులకు హైదరాబాద్‌లో రూమ్ తీసుకున్నాకే. అమ్మానాన్నలు కూలి చేసి పంపిన పైసలు మొదటి నెల ఇరవయ్యో తారీఖుకే అయిపోయాయి. కిరాణా కొట్లో ఉద్దెర పెరిగింది. మాలో ఒకడు చదువు మానేసి ఊరికి పోతానని బ్యాగు సర్దుకున్నాడు. ఆ రాత్రి కూర్చొని లెక్క రాస్తే, పైసలు ఎక్కువగా పోతున్నది ప్యాకెట్లకూ, హోటల్ టిఫిన్లకూ అని తేలింది. అప్పటినుంచి మూడు వస్తువులు మేమే చేసుకున్నాం. అవి మీకూ పనికొస్తాయని ఈ పాఠం రాస్తున్నాం.

1. జొన్నపిండి: జొన్న మన పాలమూరు నేల పంట. వంద గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, దాదాపు అంతే పీచు ఉంటాయి. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. వాటిలో మన జొన్న కూడా ఉంది. ప్యాకెట్ పిండి కొనకుండా, ఊరికి వచ్చినప్పుడు జొన్నలు తీసుకుపోండి. పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే గిర్నిలో పట్టించండి. పిండి పాతబడితే రొట్టె పగులుతుంది.

గోధుమలో గ్లూటెన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. జొన్నలో అది లేదు. అందుకే చన్నీళ్లతో కలిపితే ముద్ద నిలవదు. మరిగే నీళ్లు పోస్తే పిండిలోని స్టార్చ్ ఉబ్బి జిగురు వస్తుంది. గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు నుంచి గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు చాలు. వేడి మీదే బాగా పిసికి, చేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడిచేత్తో రాసి, తిప్పి కాల్చాలి. మా మొదటి రొట్టెలు ఏ దేశపు పటంలానో వచ్చాయి. వారానికి గుండ్రంగా వచ్చాయి.

2. పెరుగు: అర లీటరు పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకునే గోరువెచ్చదనానికి, అంటే 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్‌కు చల్లార్చాలి. ఒక చెంచా పెరుగు తోడు వేయాలి. అందులోని లాక్టోబాసిల్లస్ బాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ పులుపుకే పాలు గడ్డకడతాయి. పాలు మరీ వేడిగా ఉంటే బాక్టీరియా చచ్చిపోతుంది, మరీ చల్లగా ఉంటే పని చేయదు. ఎండాకాలం ఐదారు గంటలు చాలు. చలికాలం గిన్నెకు గుడ్డ చుట్టి రాత్రంతా ఉంచాలి. రేపటికి ఒక చెంచా దాచుకుంటే తోడు మళ్లీ కొనక్కర్లేదు.

3. పల్లీల పొడి: పావుకిలో పల్లీలు, ఎనిమిది ఎండుమిరపకాయలు, ఆరు ఎల్లిగడ్డ రెబ్బలు, కొంచెం జీలకర్ర, ఉప్పు. పల్లీలు, మిరపకాయలు విడివిడిగా సన్నమంట మీద వేయించి, చల్లారాక అన్నీ కలిపి దంచాలి. వంద గ్రాముల పల్లీల్లో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి. కూర లేని రోజు అన్నంలోకైనా, రొట్టెలోకైనా ఇదే కూర. ఒక్క జాగ్రత్త మరవకండి: బూజు పట్టినవి, రంగు మారినవి, ముడతపడినవి ఏరి పారేయాలి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. అది వేయించినా పూర్తిగా పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పొడిని తడిలేని సీసాలో పోసి, పొడి చెంచాతోనే తీయండి.

అన్నీ ఇంట్లో చేస్తేనే చవక అనుకోవద్దు. నూనె మనం ఆడించలేం. గ్రైండర్ లేని రూమ్‌లో ఇడ్లీ పిండి శ్రమే. అందుకే నోటుపుస్తకంలో రెండు గీతలు గీయండి. ఒకవైపు కొంటే ఎంత, ఇంకోవైపు సరుకు, గిర్ని, గ్యాసు కలిపితే ఎంత అని రాయండి. తేడా కనిపించినదే చేయండి. పరీక్షలప్పుడు వంట వంతులు వేసుకోండి.

బ్యాగు సర్దుకున్న మా మిత్రుడు ఊరికి పోలేదు. డిగ్రీ పూర్తి చేశాడు. మాలో రొట్టె అందరికంటే బాగా చేసేదీ వాడే. వలసపోయిన మన పెద్దలు మూడు రాళ్ల పొయ్యి మీద వండుకొని మనల్ని బడికి పంపారు. వారి బిడ్డలం మనం. వంట వచ్చని చెప్పుకోవడానికి సిగ్గెందుకు? ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మ పక్కన కూర్చొని ఒక్క రొట్టె తట్టడం నేర్చుకోండి. రేపు మీ చదువును అదే నిలబెడుతుంది.

- పూర్వ విద్యార్థులు