ముందు టేపు తియ్యి

అనంతపురం

చిరంజీవి సింధుకు,

నువ్వు పంపిన సైకిల్ విడిభాగాల లిస్టు శ్రద్ధగా చదివాను. ఫ్రేము ఒకరి దగ్గర, ఫోర్కు ఇంకొకరి దగ్గర, చక్రాలు ఆన్‌లైన్లో, క్రాంకు ఎవరో సీనియర్ దగ్గర. ఇరవై తొమ్మిది అంగుళాల చక్రాలు, ఒకే గేరు, అన్నీ కలిపి పాతిక వేలు. ఒక్క గేరుతో అనంతగిరి కొండ ఎక్కాలనుకోవడం పిచ్చి కాక ఏమిటని అమ్మ ఫోన్లో తిట్టింది. నాకు అందులో పిచ్చేమీ కనిపించలేదు. లిస్టు మాత్రం నచ్చలేదు. అందులో హబ్బు రంగుంది గానీ నీ కాలి పొడవు లేదు.

అందుకని ముందు టేపు తియ్యి. చెప్పులు విడిచి గోడకు వీపు ఆనించి నిలబడు. గట్టి అట్ట పుస్తకం ఒకటి కాళ్ళ మధ్య పెట్టుకుని, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తుకుంటుందో అంత గట్టిగా పైకి నొక్కు. పుస్తకం పై అంచు గోడకు తగిలిన చోట పెన్సిలుతో గీత పెట్టమని అమ్మకి చెప్పు. నేల నుంచి ఆ గీత దాకా ఎంతుందో అది నీ కాలి కొలత. నీ ఎత్తు 160 సెంటీమీటర్లన్నావు కాబట్టి 74 దరిదాపుల్లో ఉంటుందని నా ఊహ. ఊహతో సైకిల్ కొనలేం, అంకె రాసి పంపు. 74 అనే అనుకుందాం. దాన్ని 0.883తో గుణిస్తే 65.3 వస్తుంది. క్రాంకు తిరిగే ఇరుసు నడిమి నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు అది. ఇది రోడ్డు పందేల వాళ్ళ లెక్క, అమెరికన్ రేసర్ గ్రెగ్ లెమాండ్ దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. రాళ్ళబాటల్లో తిరగడానికి ఇంకో రెండు సెంటీమీటర్లు దించుకో. దిగుళ్ళలో ఒళ్ళు వెనక్కి జరగడానికి చోటు కావాలి.

సీటు ఎత్తు పెద్ద చిక్కు కాదు, బోల్టు వదులు చేస్తే మారుతుంది. ఫ్రేము మారదు. అమ్మేవాళ్ళు "పదిహేను", "పదిహేడు" అని చెప్పే అంకె సీటు గొట్టం పొడవు. దాన్ని చూసి సైకిల్ నీకు సరిపోతుందో లేదో తేల్చలేవు. అడ్డగొట్టం రెండు కాళ్ళ మధ్య ఉండేట్టు నేల మీద నిలబడినప్పుడు, ఒంటికీ గొట్టానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడు. నాలుగైదు సెంటీమీటర్లన్నా లేకపోతే ఆ సైకిల్ ఎంత చవకైనా వదిలెయ్యి. ఒక గేరు సైకిల్ మీద ఎక్కుడులో ఊపు పోతే ఆగిపోవడమే, అదీ ఏ వాలులోనో, ఒక కాలు గుంటలో పెట్టి. అప్పుడు ఆ ఖాళీ విలువ తెలుస్తుంది.

తర్వాత చూడాల్సింది చేతుల దూరం. కంపెనీ చార్టులో "రీచ్" అని ఉంటుంది. నీ ఎత్తుకి 380 నుంచి 410 మిల్లీమీటర్ల లోపు వెతుకు. చార్టు దొరక్కపోతే ఎక్కి కాస్త దూరం తొక్కు, సీటు మీద కూర్చుని కాదు, లేచి నిలబడి. ఇలాంటి సైకిల్ మీద ఎక్కుడంతా నిలబడే తొక్కాలి. మోకాళ్ళు హ్యాండిల్‌కి తగులుతుంటే పొట్టి, చేతులు తాడులా బిగుసుకుపోతే పొడుగు. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ మార్చి ఒకటి రెండు సెంటీమీటర్లు సర్దుకోవచ్చు, అంతకు మించి సర్దుబాటు ఉండదు.

ఇక పెద్ద చక్రాల సంగతి. తాతయ్య నల్ల సైకిల్ పెరట్లో ఇంకా ఉంది కదా, దాని రిమ్ము మీద 28×1½ అని ఉంటుంది. టైరు కూర్చునే చోట ఆ రిమ్ము అడ్డకొలత 635 మిల్లీమీటర్లు. నువ్వు మోజుపడుతున్న ఇరవై తొమ్మిది రిమ్ము 622 మాత్రమే. తాతయ్య రిమ్మే 13 మిల్లీమీటర్లు పెద్దది! 29 అన్న లెక్క దాని మీద ఎక్కించే లావు టైరుతో వచ్చింది. నిజానికి ఇది రోడ్డు సైకిళ్ళ 700సి రిమ్మే. 1999లో డబ్ల్యూటీబీ కంపెనీ నానోరాప్టర్ అనే లావు టైరు దానికి సరిపోయేలా తెచ్చాక అమెరికాలో ఈ సైకిళ్ళకు దారి పడింది. సైకిళ్ళ తయారీలో ఉన్న గేరీ ఫిషర్ లాంటి వాళ్ళు వెంటపడి దాన్ని చేయించారు. 2002లో సర్లీ కంపెనీ వాళ్ళ కరాటే మంకీ సైకిల్ వచ్చాక, ఉక్కు ఫ్రేము, ఒకటే గేరు, పెద్ద చక్రాలు అన్న కలయికకు ప్రత్యేకంగా అభిమానులు తయారయ్యారు. ఆ కలయికలో తర్కం ఉంది. పెద్ద చక్రం ఊపందుకోవడానికి కాస్త బద్ధకిస్తుంది, అందుకున్నాక రాయి అడ్డొచ్చినా ఎక్కి దాటిపోతుంది. గేరు మార్చుకోలేనివాడికి ఊపు నిలుపుకోవడమే బతుకుతెరువు.

కానీ పొట్టివాళ్ళకు ఈ చక్రం ఊరికే లొంగదు. పెడల్‌ని ముందుకు, నేలకు సమాంతరంగా పెట్టి హ్యాండిల్ తిప్పి చూడు, బూటు ముందు టైరుకి రాసుకుంటుందేమో. మామూలు వేగంలో చక్రం అంతగా తిరగదు గానీ, ఎక్కుడులో నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు తిరుగుతుంది, పడేస్తుంది. ఇంకోటి, చక్రం పెద్దదవడంతో హ్యాండిల్ నీ సీటు కంటే పైకి లేచిపోతుంది. స్టెమ్ కింది రింగులన్నీ తీసేసి, స్టెమ్‌ని తలకిందులుగా బిగించి, తిన్నని హ్యాండిల్ వేస్తే కిందికొస్తుంది. ఇంత చేసినా కుదరకపోతే మొండికెయ్యకుండా 27.5 చక్రాల సైకిల్ తీసుకో. దాని రిమ్ము 584. ఒక గేరు సుఖం అందులోనూ అంతే ఉంటుంది.

నీ లిస్టులో మూడు వేలకొస్తుందని రాసిన 26 అంగుళాల ఫ్రేము ఉంది చూడు, దాన్ని కొట్టెయ్యి. 26 రిమ్ము 559, నీది 622. చక్రం నాలుగు పక్కలా 31.5 మిల్లీమీటర్లు బయటికొస్తుంది. వెనక గొట్టాల మధ్య టైరు పట్టదు. రిమ్ము బ్రేకుల పిన్నులు ఫ్రేముకి వెల్డింగు చేసి ఉంటాయి కాబట్టి బ్రేకు కట్టెలు రిమ్ముని అందుకోవు. అదృష్టం కొద్దీ చక్రం దూరినా క్రాంకు అంతమేరా పైకి లేస్తుంది, నీ కాలు నేలకు అందదు.

అసలు విడిభాగాలు ఏరుకొచ్చి కట్టడమే దండగ ఖర్చు. విడిగా కొంటే ప్రతిదాని మీదా ఒకడు లాభం వేసుకుంటాడు. పైగా ఈ ఫోర్కు ఆ ఫ్రేముకి పట్టదు, ఆ హబ్బు ఈ ఫోర్కుకి పట్టదు. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంటు సెల్లారులో చూసినా, ఉత్సాహంగా కొని రెండు నెలలు తొక్కి వదిలేసిన గేరు సైకిళ్ళు దుమ్ము కొట్టుకుపోయి ఉంటాయి. వాటిలో నీ కొలతకి సరిపోయే ఇరవై తొమ్మిది చక్రాల సైకిల్‌ని, డిస్కు బ్రేకులున్నదాన్ని, మొత్తంగా కొను. పదహారు వేలు దాటనివ్వకు. గేర్లు మనమే పీకేద్దాం. పనికొచ్చే షిఫ్టర్లు, ముందు డిరేలరు అమ్మేస్తే కొంత వెనక్కొస్తుంది. వెనక హబ్బు 135 మిల్లీమీటర్ల పాత రకం, క్విక్ రిలీజుది అయినా నామోషీ పడకు. కొత్త ఫ్యాషన్ కాదు కాబట్టే చవక.

డబ్బిచ్చే ముందు కొన్ని చూడాలి. సీటు పోస్టుని ఫ్రేములోంచి పూర్తిగా బయటికి లాగి చూపించమను. రాకపోతే అది లోపల పట్టేసుకుంది, బేరం అక్కడితో ఆపెయ్యి. హ్యాండిల్ తల కింద రెండు గొట్టాలు కలిసేచోట, సీటు బిగింపు దగ్గర, క్రాంకు వెనక వెల్డింగు మీద గుడ్డతో తుడిచి వెలుతుర్లో చూడు. రంగులో వెంట్రుకంత గీత కనిపించినా వద్దు. చక్రాన్ని పైన పట్టుకుని పక్కలకు ఊపు, టకటక ఆడిందంటే బేరింగు పని ఉంది. వెనక చక్రం విప్పి పళ్ళచక్రాల్ని వెనక్కి తిప్పు. మధ్యలో పానా పట్టే గాడి పళ్ళతో పాటే తిరిగితే అది క్యాసెట్ హబ్బు, మనకు కావాల్సింది. గాడి కదలకుండా పళ్ళు మాత్రమే తిరిగితే మరబిగింపు ఫ్రీవీల్. చవక సైకిళ్ళకు ఇదే వస్తుంది. దాన్నీ ఒక గేరుకి మార్చవచ్చు గానీ, ఇరుసు మీద రింగులు అటుదిటు మార్చి, స్పోకులు లాగి రిమ్ముని మళ్ళీ మధ్యకు తేవాలి. నీకంత ఓపిక ఉండదు.

గేరు ఎంతన్నదాని మీద నీ స్నేహితులు రకరకాలుగా చెబుతారు. ముందు 32 పళ్ళు, వెనక 20 పళ్ళతో మొదలుపెట్టు. మూడు పళ్ళచక్రాల క్రాంకు అయితే మధ్యది చాలావరకు 32దే ఉంటుంది, కొత్తది కొనక్కర్లేదు. పక్క రెండూ తీసేశాక పాత బోల్టులు పొడవైపోతాయి, పొట్టివి అడిగి తెచ్చుకో. 32ని 20తో భాగిస్తే 1.6. ఈ లావు టైరు ఒక చుట్టుకి ఇంచుమించు 2.3 మీటర్లు పోతుంది. అంటే పెడల్ ఒక్క చుట్టుకి 3.7 మీటర్లు. నిమిషానికి ఎనభై చుట్లు తొక్కితే గంటకు పద్దెనిమిది కిలోమీటర్ల లోపే. వికారాబాద్ రోడ్డు మీద గేర్ల వాళ్ళు నిన్ను దాటిపోతారు, పోనీ. ఎర్రమట్టి ఎక్కుడు మొదలయ్యాక మోకాళ్ళు నొప్పెడితే 22 వెయ్యి, తేలికైపోతే 18.

ఆ వెనక పళ్ళచక్రం పాత క్యాసెట్లోంచి ఊడదీసింది కాకూడదు. చైను ఒకదాని మీంచి ఒకదాని మీదికి తేలిగ్గా జారడానికి వాటి పళ్ళు కొన్ని కురచగా కోసి ఉంటాయి. గేర్లకు అది సుగుణం, మనకు అది చైను ఊడిపోవడం. పైగా పల్చటి రేకుతో చేసినవి నిలబడి తొక్కే బలానికి అల్యూమినియం హబ్బుని కోసేస్తాయి. మొదలు వెడల్పుగా ఉన్నది, ఒక గేరు కోసమే చేసింది కొను. అటూ ఇటూ స్పేసర్లు వేసి చైను తిన్నగా వచ్చేదాకా సర్దాలి. పొడుగు స్కేలు ఒకటి ముందు చైన్ వీల్ పళ్ళకు ఆనించి వెనక్కి చూస్తే ఎటు వంకరో ఇట్టే తెలుస్తుంది. చైను ఎనిమిది గేర్లదే చాలు.

ఇక చైను బిగువు. గేరు సైకిల్ ఫ్రేముల్లో వెనక ఇరుసు దూరే గాడి నిలువుగా ఉంటుంది, చక్రాన్ని వెనక్కి లాగి బిగించడానికి వీలుండదు. దానికి టెన్షనర్ అమ్ముతారు. నువ్వు కొనకు, పీకేసిన వెనక డిరేలరే ఆ పని చేస్తుంది. దాని స్క్రూ ఒక్కటే సరిపోకపోతే, పాత గేరు వైరు ముక్క వేలెడంత కోసి, తలకాయ డిరేలరు గొట్టంలో ఆనేట్టు దూర్చి, రెండో కొస బోల్టు కింద బిగించు. అది నువ్వు పెట్టిన చోటే నిలబడుతుంది, డిరేలరు చిన్న చక్రాలు సరిగ్గా పళ్ళ కిందికొచ్చేదాకా ఆ గొట్టం తిప్పు. చూడ్డానికి గేరు సైకిల్‌లా ఉందని నామోషీ పడతావేమో గానీ, అందులో ఖర్చు ఏమీ లేదు.

ఎప్పుడైనా గాడి అడ్డంగా ఉన్న ఫ్రేము దొరికితే వేరే సంగతి. అప్పుడు చక్రాన్నే వెనక్కి లాగి బిగించాలి. చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే అర అంగుళం ఆడాలి. క్రాంకు తిప్పుతూ పో, ఒకచోట బిగుసుకుంటుంది, ఒకచోట వదులవుతుంది. చైన్ వీల్ కచ్చితంగా మధ్యలో కూర్చోకపోవడం వల్ల అలా అవుతుంది. బోల్టులు కొద్దిగా వదులు చేసి, బాగా బిగుసుకున్న చోట చైను మీద పానాతో మెల్లిగా తట్టు. చైన్ వీల్ రవ్వంత జరుగుతుంది. మళ్ళీ తిప్పి చూసి, తృప్తిగా ఉన్నప్పుడు బోల్టులు బిగించు. మసాచుసెట్స్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ రాతల వల్ల ఈ చిట్కా నలుగురికీ తెలిసింది. వెనక పళ్ళు రెండు మారితే ఇరుసు 6 మిల్లీమీటర్లు కదులుతుంది, డిస్కు బ్రేకు కూడా దానితో జరగాలి. ఇరుసు గాడి ఉన్న బిళ్ళతో పాటు బ్రేకూ జరిగే ఫ్రేము కాకపోతే పళ్ళు మార్చిన ప్రతిసారీ అదో తలనొప్పి.

మిగిలిన డబ్బు టైర్లకు పెట్టు, మిగతా వాటిలో పీనాసితనం చెయ్యి. 2.2 అంగుళాల వెడల్పువి చాలు. మన తుమ్మముళ్ళ సంగతి తెలిసిందే. ఇక పల్లేరు కాయలంటావా, ఇదే మొక్క అమెరికా ఎడారి రాష్ట్రాలకు పాకి అక్కడి సైకిళ్ళవాళ్ళనూ ఏడిపిస్తోంది, మేకతల అని పిలుచుకుంటారట. ట్యూబుల్లో పంక్చరు ద్రవం పోయించు. బ్రేకు ప్యాడ్లు కొత్తవి వెయ్యి, పాతవాటితో దిగుళ్ళకు పోవద్దు. కదలని ఫోర్కు మీద మోజు ఉంటే తర్వాత చూద్దాం, ఇప్పుడు సైకిల్‌తో వచ్చిన ఫోర్కే ఉండనీ. హ్యాండిల్ వెడల్పుగా ఉంటే కోయించడానికి తొందరపడకు. నెల తొక్కాక రెండు కొసల నుంచీ సమానంగా కోద్దాం.

క్రాంకు నువ్వు విప్పవద్దు. ఎడమ పెడల్, కుడివైపు ఇరుసు గిన్నె రెండింటికీ మర తిరగేసి ఉంటుంది. తెలియక బలంగా తిప్పితే ఫ్రేము మర పోతుంది. గిన్నె విప్పే పానా నా దగ్గర ఉంది. దసరాకి వచ్చేటప్పుడు సైకిల్‌ని బస్సు మీద వేసుకొచ్చెయ్యి, ముందు చక్రం ఊడదీసి, డిస్కుకి దెబ్బ తగలకుండా అట్టముక్క కట్టి. బ్రేకు ప్యాడ్ల మధ్య కూడా ఒక అట్టముక్క దూర్చు, లేకపోతే దారిలో ఎవరైనా లివరు నొక్కితే అవి దగ్గరికొచ్చేస్తాయి. కాలి కొలత మాత్రం ఈ ఆదివారం లోపే పంపు. అంకె రాకముందే ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

నీ మామయ్య