గుర్తు ఉన్నది, పేజీ రాదు: లోపం ఎక్కడ?

అడంగలు నకలు తీయటానికైనా, ఋణ ఖాతా నిల్వ చూసుకోవటానికైనా, వాయిదా సొమ్ము పంపటానికైనా నేడు మీరు కంప్యూటరుపై ఆధారపడుతున్నారు. నెట్‌వర్కు ఉన్నట్లు గుర్తు చూపుతూనే అది ఒక్క పేజీ కూడా తెరవకపోతే ఏమి చేయాలి? ఇది కేవలం మెకానిక్కు పని అని వదిలివేయవద్దు. గడువు తేదీనాడు ఇది డబ్బుతో ముడిపడిన విషయం.

నేను శిక్షణ నిమిత్తం ఢిల్లీ వెళ్ళినప్పుడు ఘజియాబాద్ జిల్లాలోని వైశాలిలో మా అక్కగారి ఇంట దిగాను. ఆనాటి సాయంత్రం మా బావగారు చాలా ఆందోళనగా ఉన్నారు. తెనాలి ప్రాంతంలో తండ్రిగారి పేర ఉన్న పంట ఋణానికి అదే ఆఖరు రోజు. ఈ ఋణంపై వడ్డీ 7 శాతం; గడువులోగా చెల్లించినవారికి 3 శాతం రాయితీ లభించి 4 శాతమే పడుతుంది. లక్ష రూపాయలపై ఏడాదికి 3,000 రూపాయల తేడా. "నెట్టు ఉంది, పేజీ లేదు. ఇదేం వింతయ్యా?" అని బావగారు నన్ను అడిగారు. అప్పటికే ఆయన మోడెమును నాలుగుసార్లు ఆపి తిరిగి వేశారు.

మొదట మేము అదే వైఫైతో ఫోనులో పేజీ తెరిచి చూశాము. వచ్చింది. అనగా రీచార్జి అయిపోలేదు, లైను తెగలేదు. లోపం కంప్యూటరులోనే ఉన్నది. ఫోనులోనూ రాకపోతే మోడెమును, ప్యాకేజీ గడువును చూడవలసి ఉండేది.

తరువాత తెర మూలనున్న తేదీని చూశాను. అది ఎన్నో ఏళ్ళ వెనుకటి జనవరి 1ని చూపుతున్నది! బ్యాంకు వంటి సురక్షిత వెబ్‌సైటు తన గుర్తింపు పత్రాన్ని చూపినప్పుడు, బ్రౌజరు దాని చెల్లుబాటు తేదీలను కంప్యూటరు గడియారంతో సరిచూస్తుంది. గడియారం వెనుకబడితే పత్రం ఇంకా అమలులోకి రాలేదని భావించి తలుపు మూసివేస్తుంది. ఆ మాట తెరపై స్పష్టంగానే వ్రాసి ఉన్నది. ఎవరూ చదువలేదు, అంతే. తేదీ సరిచేయగానే పేజీలు వచ్చాయి, రాత్రి తొమ్మిదింటికి సొమ్ము వెళ్ళింది. 2019 డిసెంబరు 16 నుండి నెఫ్ట్ చెల్లింపులు రాత్రింబవళ్ళు జరుగుతున్నందున ఆ వేళకు కూడా అవకాశం దొరికింది.

గడియారం ఎందుకు వెనుకబడింది? మదర్‌బోర్డుపై నాణెం ఆకారంలో ఉండే 3 వోల్టుల బ్యాటరీ అయిపోవటం వలన. కరెంటు తరచుగా పోయే మన గ్రామాలలోని పాత కంప్యూటర్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. దీనిని సీఆర్ 2032 అని అడగండి; కొద్ది రూపాయలకే లభిస్తుంది.

తేదీ సరిగానే ఉన్నా పేజీ రాకపోతే పేర్ల విషయం చూడాలి. కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెలతో గుర్తిస్తాయి. మీరు టైపు చేసిన పేరును అంకెగా మార్చి చెప్పేది డీఎన్ఎస్ సర్వరు. ఊరికి బస్సు ఉన్నా ఇల్లు ఎక్కడో చెప్పేవారు లేకపోతే ఎలాగో, ఆ సర్వరు పలకకపోయినా అంతే. పరీక్ష సులభం. కమాండ్ ప్రాంప్టు తెరిచి ఆంగ్లంలో పింగ్ అని టైపు చేసి, కొంత ఖాళీ విడిచి 8.8.8.8 అని ఇవ్వండి. జవాబు వచ్చి, ఆ అంకె బదులు ఒక వెబ్‌సైటు పేరు ఇచ్చినప్పుడు ఆ పేరే దొరకలేదని చెబితే, దారి ఉన్నది, చిరునామా లేదని అర్థం. నెట్‌వర్కు సెట్టింగులలో డీఎన్ఎస్ వద్ద 8.8.8.8 లేదా 1.1.1.1 ఇచ్చి మళ్ళీ ప్రయత్నించండి. పేరు కూడా దొరికి బ్రౌజరు మాత్రమే మొరాయిస్తే, ప్రాక్సీ అనే సెట్టింగు ఎవరైనా ఆన్‌లో ఉంచారేమో చూసి తీసివేయండి.

ఎవరో చెప్పిన డీఎన్ఎస్ అంకె మాత్రం పెట్టవద్దు. డీఎన్ఎస్ ఛేంజర్ అనే దుష్ట ప్రోగ్రాము సుమారు 40 లక్షల కంప్యూటర్లలో ఈ అంకెనే మార్చి, జనాన్ని తప్పుడు పేజీలకు మళ్ళించింది. 2011 నవంబరులో ఎస్టోనియాలో ఆ ముఠా పట్టుబడింది. బాధితులకు నెట్టు ఆగకుండా న్యాయస్థానం అనుమతితో తాత్కాలిక సర్వర్లు నడిపి, 2012 జులై 9న ఆపివేశారు. శుభ్రం చేయని కంప్యూటర్లకు ఆనాడు లైను ఉన్నది, పేజీలు లేవు.

బ్యాంకు పేజీ వద్ద హెచ్చరిక వస్తే దానిని దాటి ముందుకు వెళ్ళకండి. బాగుచేస్తామని ఫోనులో చెప్పే అపరిచితులకు మీ తెరను అప్పగించకండి. సొమ్ము పోయిన పక్షంలో వెంటనే 1930కి ఫోను చేయండి. గడువు ఆనాడే అయితే కంప్యూటరుతో కుస్తీ పట్టక, మీ ఫోనులోని డేటాతోనే చెల్లించండి, లేదా శాఖ మూయకముందే రండి. తెరపై వచ్చిన సందేశాన్ని ఉన్నదున్నట్లు కాగితంపై వ్రాసి తెస్తే మెకానిక్కుకు సగం పని తగ్గుతుంది.