మీ పొలం పుట్టుక పాత తాలూకా రిజిస్టర్లో

మీ ఊరు ఏ మండలం అంటే పిల్లవాడైనా చెబుతాడు. ఏ తాలూకా అంటే పెద్దవాళ్లే చెప్పాలి. మండలాలు 1985లో వచ్చాయి. అంతకుముందు మన పడమటి నెల్లూరులో ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలుండేవి. తాలూకాలు పోయినా, ఆనాటి లెక్కలే నేటికీ మన భూమి హక్కుకు ఆధారం.

ఎలా వచ్చాయి?

ఉదయగిరి దుర్గాన్ని 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలిచారు. ఆ తర్వాత ఈ సీమ ఆర్కాటు నవాబు చేతికి, 1801లో కంపెనీ చేతికి పోయింది. దొరలు రైత్వారీ పద్ధతి పెట్టి, గొలుసులతో కొలిచి, ప్రతి చెక్కకూ సర్వే నంబరు వేశారు. వెలిగొండల పక్కనున్న ఉదయగిరి వైపు ఎక్కువగా వానమీద ఆధారపడిన మెట్ట. ఆత్మకూరు వైపు పెన్నా నీళ్లు, చెరువుల కింద మాగాణి. నేల తరాన్ని బట్టి శిస్తు కట్టారు. ఇవన్నీ ఎక్కిన పుస్తకమే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే ఆర్ఎస్ఆర్. జమీందారీ ఊళ్లలో మాత్రం 1948 చట్టంతో జమీన్లు రద్దయ్యాక తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి.

చుక్కల చిక్కు

భూమి ఎవరిదో తేలనిచోట పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలారు. తాత ముత్తాతల నుంచి దున్నుకుంటున్నా, అలాంటి భూములు 22-ఏ నిషేధిత జాబితాలోకెక్కి, అమ్మకం ఆగిపోయింది. బిడ్డ పెళ్లికి ఎకరం అమ్ముదామన్నా వీలుకాక ఎందరో అల్లాడారు. వీటి కోసం 2017లో చట్టం వచ్చింది. 2023 మేలో కావలి సభలో, రాష్ట్రం మొత్తమ్మీద రెండు లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూములను నిషేధం నుంచి తప్పిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. మీ నంబరు అందులో ఉందో లేదో మీరే చూసుకోవాలి.

ఏం చేయాలి?

* తహసీల్దారు కార్యాలయంలో ఆర్ఎస్ఆర్ నకలు అడగండి. పేరుందా, చుక్కలున్నాయా చూడండి.
* ఆ విస్తీర్ణాన్ని అడంగల్, 1-బి, దస్తావేజులతో సరిపోల్చండి. మన వైపు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. అందుకే కాగితంలో సెంట్లే రాయించండి.
* పాత శిస్తు రసీదులు పారేయొద్దు. అనుభవంలో ఉన్నామనడానికి అవే సాక్ష్యం.
* రీసర్వేలో కొత్త ఎల్‌పీ నంబరు వచ్చినా, పాత సర్వే నంబరు పక్కనే రాసిపెట్టుకోండి.

అమ్మే రోజు దాకా ఆగొద్దు. పని తక్కువున్న వేసవిలోనే ఈ కాగితాలు చూసుకోండి.