ప్యానెల్ ఆన్ చేసే ముందు పాఠం తెరవండి

మీ క్లాసులో గోడకు పెద్ద డిజిటల్ ప్యానెల్ ఉంది. పక్కనే నల్లబల్ల కూడా ఉంది. మీ చేయి మాత్రం సుద్దముక్క వైపే పోతోంది. అవునా?

కంగారు పడకండి. సుద్దముక్క మానేయమని నేను చెప్పను. ఆ ప్యానెల్ కూడా మీ మాట వినేలా చేసుకోమంటాను. మీకు ముప్పై ఏళ్లున్నా సరే, రిటైర్మెంట్‌కి రెండేళ్లే మిగిలినా సరే, ఇది మీ వల్ల అవుతుంది. ఎనిమిదో తరగతి పిల్లల్ని భోజనం బెల్ తర్వాత కూడా ఒక్క చూపుతో కూర్చోబెట్టగలిగే మీకు ఒక తెర ఎంత?

అసలు అడ్డు ఏమిటో ముందు చూద్దాం. యంత్రమంటే మీకు భయం లేదు. బ్యాంకు యాప్ వాడుతున్నారు. మనవడితో వీడియో కాల్ మాట్లాడుతున్నారు. రైలు టికెట్ బుక్ చేస్తున్నారు. భయమల్లా ఒకటే: పిల్లల ముందు తడబడితే పరువేం కావాలి? ఈ భయాన్ని దాచుకోకండి. పేరు పెట్టి పిలవండి. అప్పుడు దానికి మందు వేయొచ్చు.

రెండో అడ్డు విసుగు. పొద్దున్నే యాప్‌లో హాజరు. తర్వాత మధ్యాహ్న భోజనం వివరాలు. ఆ పైన వాట్సాప్ గ్రూపులో "అర్జెంట్, గంటలో పంపండి" అని ఇంకో ఫార్మాట్. ఫోన్ చూస్తేనే చిరాకు రావడంలో మీ తప్పేం లేదు. కానీ అది రిపోర్టింగ్. పై ఆఫీసు కోసం చేసే పని. పాఠం కోసం వాడే టెక్నాలజీ వేరు. అది మీ కోసం, మీ పిల్లల కోసం. ఒకదాని మీది కోపం ఇంకోదాని మీద చూపిస్తే నష్టపోయేది మీ క్లాసే.

ఇది మొదటిసారి కాదు

బడిలోకి యంత్రం రావడం కొత్తేమీ కాదు. సినిమాలొచ్చాక బడుల్లో పుస్తకాలకు కాలం చెల్లుతుందని 1913లోనే థామస్ ఎడిసన్ అన్నాడు. నూట పదేళ్లు దాటాయి. పుస్తకం ఇంకా పిల్లల సంచిలోనే ఉంది.

మన దగ్గరా అంతే. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఇస్రో, నాసా కలిసి సైట్ అనే ప్రయోగం చేశాయి. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో 6 రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. అది కరెంటే సరిగా లేని రోజుల మాట! టీచర్లకు శిక్షణ కూడా ఆ టీవీ ద్వారానే ఇచ్చారు. ఇవి కాక రేడియో పాఠాలు, కంప్యూటర్ ల్యాబులు, మన టీవీ, టీశాట్, దీక్షా పోర్టల్, ఇప్పుడు ఈ ప్యానెళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పథకం కింద కొన్ని, తెలంగాణలో మన ఊరు-మన బడి కింద కొన్ని వచ్చాయి.

వీటిలో కొన్ని బడికి పనికొచ్చాయి, కొన్ని బీరువాల్లో దుమ్ము పట్టాయి. నా తీర్పు సూటిగా చెబుతాను. టీచర్ తన పాఠానికి తగ్గట్టు మలుచుకున్న చోటే పనికొచ్చాయి. మీరు పట్టించుకోకపోతే ఎంత ఖరీదైన ప్యానెలైనా గోడకు వేలాడే నల్లటి అద్దమే.

తడబాటుతో మొదలుపెట్టండి

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ట్రైనింగ్‌లో పది యాప్‌ల పేర్లు రాసుకుంటారు. పదీ ఇన్‌స్టాల్ చేస్తారు. వారం తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండదు. ఆరంభశూరత్వం.

మీరు తిరగేసి చేయండి. యాప్ సంగతి తర్వాత. ముందు మీ సిలబస్ తీయండి. ఏటా పిల్లలు ఎక్కడ తడబడతారో మీకు తెలుసు. ఆ పాఠం దగ్గర టిక్ పెట్టండి. ఒక్కటే పాఠం.

ఉదాహరణకు మీరు పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతున్నారనుకుందాం. విద్యుత్ పాఠం. శ్రేణి సంధానంలో రెండు బల్బులు. పిల్లల్ని అడిగి చూడండి: "రెండో బల్బు ఎలా వెలుగుతుంది?" చాలామంది "తక్కువ వెలుగుతుంది సార్" అంటారు. ఎందుకు? మొదటి బల్బు కరెంటును కొంత తినేసింది కదా! తప్పు ఆలోచనే, కానీ ఎంత సహజంగా ఉందో చూడండి. నల్లబల్ల మీద వేసిన బొమ్మ దీన్ని సరిచేయలేదు. బొమ్మలో కరెంటు కదలదు మరి.

ఇక్కడ ప్యానెల్ రంగంలోకి దిగుతుంది. ఫెట్ అని ఉచిత సిమ్యులేషన్లున్నాయి. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ అందుకున్న వారిలో ఒకరైన కార్ల్ వీమన్, 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో వీటిని మొదలుపెట్టాడు. కొన్నింటికి తెలుగు రూపమూ ఉంది. అందులో సర్క్యూట్ కిట్ తెరవండి. బ్యాటరీ, తీగలు, బల్బులు వేలితో లాగి కలపొచ్చు. తీగల్లో ఎలక్ట్రాన్లు చిన్న నీలం చుక్కల్లా కదులుతూ కనిపిస్తాయి.

క్లాసులో ఇలా నడిపించండి.

1. ముందు ప్రశ్న అడగండి. జవాబు చెప్పకండి. ప్రతి ఒక్కరూ తమ ఊహను నోట్సులో రాయాలి. రాయకుండా తెర చూసినవాడికి అది సినిమాయే.

2. ఒక బల్బుతో వెలిగించండి. తర్వాత రెండోది శ్రేణిలో కలపండి. రెండూ సమానంగా వెలుగుతాయి, కానీ మునుపటికంటే మందంగా. క్లాసులో గోల మొదలవుతుంది. మొదలవనివ్వండి.

3. అమ్మీటర్‌ను మొదటి బల్బుకు ముందు పెట్టండి, రెండింటి మధ్య పెట్టండి, చివర పెట్టండి. రీడింగ్ మారదు. "మరి కరెంటును ఎవరు తిన్నార్రా?" అని అడిగి ఆగండి. ఆ మౌనాన్ని తొందరపడి నింపకండి.

4. ఇప్పుడు సమాంతరంగా కలపండి. ఒక బల్బు తీసేయండి. రెండోది వెలుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఫ్యాన్ ఆపితే లైటు ఎందుకు ఆరిపోదో అడగండి. జవాబు వాళ్లే చెబుతారు.

5. చివరగా తెర ఆపేయండి. నిజం బ్యాటరీ, నిజం తీగలు, బల్బులు బల్ల మీద పెట్టి వాళ్ల చేతే కలిపించండి. బల్బులు రెండూ ఒకే రకానివి కావాలి సుమా. లేకపోతే ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా వెలిగి, మీరు తీసేసిన అపోహ మళ్లీ తలెత్తుతుంది.

గమనించారా? ఈ పీరియడ్‌లో తెర వెలిగింది పావుగంటే. మిగతాదంతా మీ ప్రశ్నలే.

లెక్కల టీచర్లకు జియోజీబ్రా ఉంది. అర్ధవృత్తంలో కోణం గీసి, పరిధి మీది బిందువును అటూ ఇటూ లాగండి. త్రిభుజం ఎంత మారినా కోణం 90 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అది చూశాక పిల్లలు "ఎందుకు?" అంటారు. నిరూపణ చెప్పడానికి అదే సమయం. సోషల్ టీచర్లు గూగుల్ ఎర్త్‌లో మహాబలేశ్వర్ నుంచి హంసలదీవి దాకా కృష్ణా నది వెంట పిల్లల్ని తీసుకెళ్లండి. తెలుగు టీచర్లకైతే ఏ యాప్ అక్కర్లేదు. పిల్లవాడు పద్యం చదువుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి వాడికే వినిపించండి. ఒత్తు ఎక్కడ జారిందో వాడే పట్టుకుంటాడు.

రోజుకు 20 నిమిషాలు

అలవాటు లేనిదే నైపుణ్యం రాదు. రోజూ 20 నిమిషాలు కేటాయించండి. ఖాళీ పీరియడ్‌లోనైనా, బడి విడిచాకైనా. "టైం లేదు" అనకండి. టీచర్లకు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యావిధానమే చెప్పింది. ఎవరో పిలిచే ట్రైనింగ్ కోసం ఎదురు చూడకండి. మీ గంటలు మీరే మొదలుపెట్టండి.

ఈ 20 నిమిషాల్లో కొత్త యాప్ వెతకొద్దు. రేపు చెప్పబోయే పాఠాన్ని రిహార్సల్ చేయండి. అదీ ఖాళీ క్లాసులో, అదే ప్యానెల్ మీద, నిలబడి, పైకి మాట్లాడుతూ. ఇంట్లో లాప్‌టాప్ మీద సాఫీగా నడిచింది బడిలో మొండికేస్తుంది. వాల్యూమ్ ఎక్కడుందో, వెనక్కి వెళ్లే బటన్ ఎక్కడుందో, ఎండ పడినప్పుడు చివరి బెంచీకి అక్షరాలు కనబడతాయో లేదో ముందే తేలిపోవాలి.

ఫైల్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఫెట్ సిమ్యులేషన్లను దించుకుంటే నెట్ లేకుండానే బ్రౌజర్‌లో నడుస్తాయి. జియోజీబ్రా కూడా ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది. పెన్‌డ్రైవ్ జేబులో ఉండాలి.

కరెంటు పోతుంది. తప్పకుండా పోతుంది, అదీ ఇన్‌స్పెక్షన్ రోజునే. అందుకే ప్రతి డిజిటల్ పాఠానికీ నల్లబల్ల వెర్షన్ ఒకటి లెసన్ ప్లాన్ పక్కనే రాసి పెట్టుకోండి. "రెండు నిమిషాలు చూద్దాం, రాకపోతే బల్ల మీదే చేద్దాం" అని మామూలు గొంతుతో చెప్పండి. మీ గొంతులో కంగారు లేకపోతే పిల్లల్లోనూ ఉండదు.

పిల్లల్ని అడగడం చిన్నతనం కాదు

"ఒరేయ్, ఇది ఎలా తెరుస్తార్రా?" అని అడగండి. పది చేతులు లేస్తాయి. చేతులెత్తిన వాళ్లలో ఎప్పుడూ నోరు విప్పని వాడు ఒకడుంటాడు. వాడినే పిలవండి. ఆ రోజు నుంచి వాడు మీ పాఠం వింటాడు.

ప్రతి క్లాసుకూ ఇద్దరితో టెక్ టీం పెట్టండి. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. నెలనెలా మార్చండి. మైకు, కేబుల్, ప్యానెల్ ఆన్ చేయడం, ఆఫ్ చేయడం వాళ్ల బాధ్యత. అమ్మాయిని తప్పనిసరిగా పెట్టండి. చాలా ఇళ్లలో ఫోన్ ముందు అన్న చేతికే వెళ్తుంది. బడిలో అయినా ఆమె చేతికి రావాలి.

పిల్లల దగ్గర ఫోన్లు లేవా? ఏం పర్లేదు. ప్లికర్స్ అని ఒక పద్ధతి ఉంది. ఒక్కో పిల్లవాడికి ఒక్కో ప్రింటెడ్ కార్డు. కార్డు ఏ వైపు పైకి పెడితే అది వాడి జవాబు. మీరు మీ ఫోన్ కెమెరాను క్లాసు మీదుగా ఒకసారి తిప్పితే చాలు, ఎవరు ఏ జవాబిచ్చారో వచ్చేస్తుంది. ఒక్కో కార్డు గుర్తు ఒక్కోలా ఉంటుంది కాబట్టి పక్కవాడి దాంట్లో చూసి కాపీ కొట్టడం కుదరదు. ఫలితం మీ ఫోన్‌లోనే ఉంచుకుంటే తప్పు చెప్పినవాడి పేరు అందరి ముందూ బయటపడదు. సిగ్గరి పిల్లలకు ఇది వరం.

ఒక చిన్న పని కూడా చేయండి. ప్రశ్నపత్రాలను డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైప్ చేయించడం మానండి. ఆ ఫైల్ వేరే ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గీతలే. ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడండి. యూనికోడ్‌లో టైప్ అయిపోతుంది. నాలుగు తప్పులు దిద్దుకుంటే చాలు. ఇక ఆ పేపర్ వచ్చే ఏడాదికీ పనికొస్తుంది.

ఇవి మాత్రం చేయకండి

పీరియడంతా యూట్యూబ్ వీడియో పెట్టి కుర్చీలో కూర్చోకండి. మూడు నిమిషాలు నడిపి, ఆపి, ప్రశ్న అడగండి.

ఏఐ రాసిచ్చిన ప్రశ్నలను చదవకుండా క్లాసులో ఇవ్వకండి. తప్పును కూడా అది గంభీరంగానే రాస్తుంది. పాఠ్యపుస్తకంతో పోల్చుకోండి.

పిల్లల ఫొటోలు, మార్కులు, తల్లిదండ్రుల నంబర్లు గ్రూపుల్లో పెట్టకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. మంచి పేరు కోసం వాళ్ల వివరాలు ఖర్చు పెట్టొద్దు.

నేర్చుకున్నది దాచుకోకండి కూడా. వచ్చే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో ఐదు నిమిషాలు అడగండి. మీ పాఠం ఒకటి చూపించండి. ఎక్కడ కుదిరిందో, ఎక్కడ కుదరలేదో రెండూ చెప్పండి. మీ తర్వాత ఇంకో మేడం లేచి తన పాఠం చూపిస్తారు. వాళ్ల పాఠం మీరు తీసుకోండి, మీది వాళ్లకివ్వండి.

ఇక ఆలస్యం వద్దు, మాస్టారూ! మేడం గారూ! ఈ రాత్రి పడుకునే ముందు సిలబస్ తీసి, పిల్లలు తడబడే ఆ ఒక్క పాఠం పేరు కాగితం మీద రాయండి. పక్కన వచ్చే వారంలో ఒక తేదీ వేయండి. రేపు ఆ కాగితం మీ హెచ్‌ఎంకి చూపించి, ఆ రోజు ప్యానెల్ ఉన్న గది మీ పేరున రాయించుకోండి.